వడ్డీ రేటు, మారకం రేటు, ప్రయోగశాల



అర్థశాస్త్రాన్ని తెలుగులో చెప్పవచ్చని నమ్మి, చెప్పి చూపించిన తరం, ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారిది. వడ్డీ రేటు గురించి ఎవరు మాట్లాడినా, ఆ అప్పు ఎవరికి, ఎన్నాళ్లకి అని అడిగేదాకా ఊరుకునేవారు కారు. ఈ ఉపన్యాసానికి విషయం ఎంచుకోమన్నప్పుడు నాకు ఆ ప్రశ్నే తట్టింది. రిజర్వ్ బ్యాంకు రెపో రేటు మార్చిన రోజున ధరలు ఏమవుతాయో పత్రికలు రాస్తాయి. ఇంటి అప్పు కిస్తీ ఎంత పెరుగుతుందో టీవీలో లెక్క కట్టి మరీ చూపిస్తారు. కొత్త మందో, కొత్త యంత్రమో, కొత్త పద్ధతో కనిపెట్టే పని ఏమవుతుందని మాత్రం ఎవరూ అడగరు. సరుకులూ పెట్టుబడులూ సరిహద్దు దాటి వచ్చిపోయే మనలాంటి దేశంలో ఈ ప్రశ్న మరీ చిక్కుది. ఎందుకంటే ఇక్కడ వడ్డీతో పాటు మారకం రేటూ కదులుతుంది. ఒక్కోసారి ఆ రెండింటినీ కదిలించే చెయ్యి ముంబైలో కాక వాషింగ్టన్‌లో ఉంటుంది.

పాఠ్యపుస్తకాల్లో ఒక సూత్రం స్థిరపడిపోయింది. దీర్ఘకాలంలో డబ్బు తటస్థమట. కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచితే రెండు మూడేళ్లు ఉత్పత్తి మందగిస్తుంది, ధరలు దారికొస్తాయి, ఆపైన దేశం తన పాత బాట పడుతుంది. ఆ బాటను నిర్ణయించేవి చదువు, సాంకేతికత, చట్టాలు, సంస్థలు. ధరల వరకూ ఈ మాట నిలుస్తుంది. ఉత్పాదకత దగ్గరికి వచ్చేసరికి నిలవదని నా అభిప్రాయం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది అదే.

జోసెఫ్ షుంపీటర్ 1911లోనే ఆర్థికాభివృద్ధి సిద్ధాంతం రాస్తూ బ్యాంకరుని కథ మధ్యలో నిలబెట్టాడు. కొత్త పని తలపెట్టినవాడి దగ్గర డబ్బుండదు, డబ్బున్నవాడికి కొత్త పని తలపెట్టాలని ఉండదు. ఇద్దరినీ కలిపేది పరపతి. ఆ ఆలోచనకు 1992లో ఫిలిప్ అగియోన్, పీటర్ హోవిట్ గణిత రూపం ఇచ్చారు. 2025లో జోయెల్ మోకిర్‌తో కలిసి నోబెల్ బహుమతి పంచుకున్నారు. అయితే వారి 1992 నాటి నమూనాలో వడ్డీ రేటు ఉందిగాని కేంద్ర బ్యాంకు లేదు. వృద్ధి గురించి ఆలోచించేవారు, ద్రవ్య విధానం గురించి ఆలోచించేవారు చాలాకాలం వేర్వేరు గదుల్లో కూర్చున్నారు.

ఒక చిన్న లెక్క చూడండి. రెండేళ్ల తర్వాత చేతికొచ్చే 100 రూపాయలకు, 6 శాతం వడ్డీ లెక్కన ఇవాళ్టి విలువ 89 రూపాయలు. వడ్డీ 12 శాతమైతే 80. తేడా తొమ్మిది రూపాయలే. అదే 100 రూపాయలు పదేళ్ల తర్వాత వచ్చేట్టయితే, 6 శాతం లెక్కన దాని విలువ 56 రూపాయలు, 12 శాతం లెక్కన 32. గోడౌనులో సరుకు నింపే వ్యాపారిని వడ్డీ గిల్లుతుంది. పదేళ్లకి గాని ఫలితం చూడని పరిశోధకుణ్ణి అదే వడ్డీ పడగొడుతుంది.

దీనికి తోడు తనఖా సమస్య ఒకటి. రైస్ మిల్లుకి అప్పిచ్చిన బ్యాంకు, మిల్లు మునిగితే స్థలం, యంత్రాలు అమ్ముకుంటుంది. టీకా మీద పనిచేసే ప్రయోగశాల మునిగితే మిగిలేది నలుగురు శాస్త్రవేత్తల తలకాయల్లో ఉన్న విద్య, కొన్ని నోటు పుస్తకాలు. అందుకే పరిశోధనకు డబ్బు ఎక్కువగా కంపెనీ సొంత లాభాల నుంచో, రిస్కు తీసుకునే పెట్టుబడిదారు నుంచో రావాలి. వడ్డీ పెరిగి అమ్మకాలు పడ్డప్పుడు ముందుగా ఎండిపోయేవి ఆ రెండే. యంత్రాన్ని ఆపి మళ్లీ నడపవచ్చు. చెదిరిపోయిన పరిశోధక బృందాన్ని మళ్లీ కూర్చడం అంత తేలిక కాదు. ఒకరు అమెరికా వెళ్లి ఉంటారు, ఇంకొకరు అమ్మకాల విభాగంలో చేరి ఉంటారు.

హైదరాబాదులోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1991 నాటికి మన బ్యాంకులు తీసుకునే ప్రతి 100 రూపాయల డిపాజిట్‌లో 38.5 రూపాయలు ఎస్‌ఎల్‌ఆర్ పేరుతో ప్రధానంగా ప్రభుత్వ బాండ్లకి, 15 రూపాయలు సీఆర్‌ఆర్ పేరుతో రిజర్వ్ బ్యాంకుకి పోయేవి. మిగిలినదాంట్లో ఇచ్చే అప్పుల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు. పెద్ద అప్పుల మీద వడ్డీ 20 శాతం చుట్టూ ఆడేది. ఈ కట్లు సడలించాలని 1991లో చెప్పిన కమిటీకి అధ్యక్షుడు మన తెలుగువారే, రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నరు మైదవోలు నరసింహం. సడలింపు పూర్తి కావడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా 1993లో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు వరప్రసాద రెడ్డి హెపటైటిస్-బి టీకా తయారు చేస్తానని శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. జన్యు సాంకేతికతతో టీకా అంటే అప్పటికి ఇక్కడ ఎవరూ చేసి చూపించని పని. బ్యాంకులు ముందుకు రాలేదు. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టి అండగా నిలిచారు. 1997లో టీకా బజారులోకి వచ్చింది. అప్పటిదాకా దిగుమతి టీకా కొనలేని ఇళ్లకు కూడా అది అందుబాటులోకి వచ్చింది. 2009లో ఆ కంపెనీ ఫ్రాన్స్ దేశపు సనోఫీ చేతికి పోయింది.

ఈ కథను మన సభల్లో పట్టుదలకు ఉదాహరణగా చెబుతుంటారు. పట్టుదల సంగతి సరే, నాకు అందులో ద్రవ్య విధానం కనిపిస్తుంది. దేశంలోని పొదుపును చట్టం కట్టేసింది. తలుపు కాస్త తెరిచి ఉండబట్టి బయటి డబ్బు వచ్చింది. అదే తలుపులోంచి చివరికి యాజమాన్యమూ బయటికి పోయింది. లాభనష్టాలు రెండూ తెరిచిన తలుపువే.

ఇక మారకం రేటు సంగతి. రాబర్ట్ ముండెల్ ఆలోచనల నుంచి వచ్చిన ఒక సూత్రం విద్యార్థులందరికీ తెలుసు. పెట్టుబడుల స్వేచ్ఛ, స్థిరమైన మారకం రేటు, సొంత వడ్డీ విధానం, ఈ మూడూ ఒకేసారి ఏ దేశానికీ దక్కవు. రెండు కావాలంటే మూడోది వదులుకోవాలి. 2013లో ఎలెన్ రే ఇంకో అడుగు ముందుకేసి, మారకం రేటును వదిలేసినా నిజమైన స్వేచ్ఛ దక్కదు, అమెరికా వడ్డీ తరంగం అందరినీ ముంచుతుంది అన్నారు. ఆ ఏడాదే మనకు అది అనుభవమైంది. మే 22న ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడు బెన్ బెర్నాంకీ, బాండ్ల కొనుగోలు తగ్గించే అవకాశం గురించి అమెరికా కాంగ్రెస్ ముందు మాట్లాడారు. మాట్లాడారంతే. తగ్గింపు నిర్ణయం డిసెంబరులోగాని రాలేదు. ఈలోగా 55 చుట్టూ ఉన్న డాలరు ఆగస్టు 28 నాటికి 68 రూపాయలు దాటింది. జూలై 15న దువ్వూరి సుబ్బారావు నాయకత్వంలోని రిజర్వ్ బ్యాంకు, బ్యాంకులు అత్యవసరంగా తీసుకునే అప్పు మీద వడ్డీని ఒక్కసారిగా 10.25 శాతానికి పెంచింది. రూపాయిని కాపాడడానికి అంతకన్నా దారి అప్పుడు కనిపించలేదు. ఆయన్ని నేను తప్పు పట్టను. కాని ఆ నెలల్లో విదేశీ రసాయనాలు, పరికరాలు కొనుక్కునే ఒక చిన్న బయోటెక్ కంపెనీ స్థితి ఊహించండి. దిగుమతి బిల్లు పాతిక శాతం దాకా పెరిగింది, అప్పు ఖరీదైంది. రెండు దెబ్బలూ ఒకే చోట తగిలాయి, కారణం మాత్రం ఎక్కడో ఉంది.

2022లో ఇదే ఇంకో రూపంలో వచ్చింది. హైదరాబాదులో స్టార్టప్‌ల కోసం పెట్టిన టీ-హబ్ కొత్త భవనం ఆ ఏడాది జూన్ 28న ప్రారంభమైంది. రెండు వారాల ముందు, జూన్ 15న, ఫెడ్ తన వడ్డీని ఒకే విడతలో 0.75 శాతం పెంచింది. 1994 తర్వాత అంత పెంపు అదే మొదటిసారి. మార్చి 2022లో సున్నాకి ఆనుకుని ఉన్న ఆ రేటు 2023 జూలైకి 5.25–5.50 శాతానికి చేరింది. మన రెపో 4 నుంచి 6.5కి వెళ్లింది. మన స్టార్టప్‌లను కుంగదీసింది ప్రధానంగా మన రెపో కాదు, అక్కడి రేటు. ఎందుకంటే వాటిని నడిపించే వెంచర్ పెట్టుబడిలో సింహభాగం డాలర్లదే. 2021లో పోటెత్తిన ఆ పెట్టుబడి 2023 నాటికి మూడో వంతుకన్నా తక్కువకి పడిపోయింది. భవనం మన చేతిలో ఉంది, డబ్బుకి కాలం మన చేతిలో లేదు.

ఇవన్నీ విడివిడి ఉదంతాలేనని మీరనవచ్చు. అందుకే రెండు పరిశోధనలు చెబుతాను. ఆస్కార్ జోర్డా, సంజయ్ సింగ్, అలన్ టేలర్ 2020లో ఒక ఉపాయం పన్నారు. మామూలుగా వడ్డీ ప్రభావం కొలవడం కష్టం, దేశ పరిస్థితి చూసే కదా కేంద్ర బ్యాంకు వడ్డీ మారుస్తుంది? కారణమేదో, ఫలితమేదో విడదీయలేం. అయితే తన నాణేన్ని వేరే దేశపు నాణేనికి కట్టేసుకున్న దేశానికి వడ్డీ బయటినుంచి దిగుమతి అవుతుంది. సొంత పరిస్థితితో దానికి పని లేదు. ముండెల్ సూత్రాన్నే కొలబద్దగా వాడుకుని, 19వ శతాబ్దం చివరి నుంచి 17 సంపన్న దేశాల లెక్కలు తిరగేశారు. వడ్డీ పెరిగిన దేశాల్లో ఉత్పత్తి సామర్థ్యం పదేళ్లు దాటినా పాత బాటకి రాలేదు. పెట్టుబడీ తగ్గింది, ఉత్పాదకతా తగ్గింది. తటస్థ సూత్రానికి ఇది గట్టి దెబ్బ.

రెండోది యువెరాన్ మా, కాస్పర్ జిమ్మర్‌మన్ 2023లో అమెరికా గురించి చేసిన పని. వడ్డీ అనుకోకుండా ఒక శాతం పెరిగితే, తర్వాతి ఒకటి నుంచి మూడేళ్లలో పరిశోధన ఖర్చు 1–3 శాతం, వెంచర్ పెట్టుబడి దాదాపు 25 శాతం తగ్గుతాయి. రెండు నుంచి నాలుగేళ్లలో ముఖ్యమైన సాంకేతికతల్లో పేటెంట్లు 9 శాతం దాకా తగ్గుతాయి. పెద్ద కంపెనీ పరిశోధన కాస్త ఒంగుతుంది, కొత్త కంపెనీ విరిగిపోతుంది. పరిశోధన ఖర్చు, వెంచర్ పెట్టుబడి అంకెల మధ్య ఉన్న తేడాని మనవాళ్లు గమనించాలి.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం. ఫిన్లాండ్‌కి. జనాభాలో ఒకనాటి మన ఉమ్మడి జిల్లా ఒకటి రెండింటికి సరిపోయే దేశం. అయినా ఈ విషయంలో దానంత నేర్పిన దేశం నాకు మరొకటి కనబడలేదు.

1980ల్లో ఫిన్లాండ్ పెట్టుబడుల తలుపు తెరిచింది, మారకం రేటు మాత్రం వదలలేదు. 'గట్టి మార్కా' అన్నది అక్కడి ప్రభుత్వాలకు పరువు సమస్య. దేశంలో వడ్డీ ఎక్కువ, బయట తక్కువ, మారకం రేటు ఎలాగూ కదలదన్న ధీమా. కంపెనీలు విదేశీ నాణేల్లో అప్పులు దూశాయి. ఇళ్ల ధరలు, షేర్ల ధరలు పొంగాయి. 1991లో సోవియట్ యూనియన్ కుప్పకూలి, దానితో జరిగే వ్యాపారం మాయమైంది. మార్కాను నిలబెట్టడానికి వడ్డీలు పెంచుతూ పోయారు. 1991 నవంబరులో విలువ తగ్గించారు, చాల్లేదు. 1992 సెప్టెంబరులో మార్కాను గాలికి వదిలేశారు. విదేశీ అప్పులున్న కంపెనీలు మునిగాయి, వాటితో బ్యాంకులు మునిగాయి. 1990–93 మధ్య దేశోత్పత్తి పదో వంతు పోయింది. మూడు శాతం ఉన్న నిరుద్యోగం పదిహేడు దాకా ఎక్కింది.

అప్పటికి నోకియా టైర్లు, కేబుళ్లు, టీవీలు చేసే కంపెనీ, పైగా కష్టాల్లో ఉంది. 1992లో జోర్మా ఒలిలా పగ్గాలు పట్టుకుని ఫోన్ల మీదికి తిప్పాడు. మార్కా పడిపోయింది కనుక నోకియా ఎగుమతులు లేచాయని ఒక తేలిక వివరణ ఉంది. అది చాలదు. 1991 జూలై 1న, మార్కా ఇంకా గట్టిగా ఉన్నప్పుడే, ప్రపంచంలో మొదటి జీఎస్‌ఎం కాల్ ఫిన్లాండ్‌లో నోకియా పరికరాల మీద నడిచింది. అంటే సాంకేతికత చేతిలో సిద్ధంగా ఉంది. విలువ తగ్గడం దాన్ని అమ్ముకోవడానికి అదను ఇచ్చింది. దేశం ఆకలితో ఉన్నా, 1983లో పెట్టిన టెకెస్ అనే సాంకేతిక సంస్థ ద్వారా కంపెనీల పరిశోధనకు ప్రభుత్వం ఇచ్చే డబ్బుకి కోత పడకుండా చూసుకున్నారు. తర్వాత ప్రభుత్వ సంస్థల వాటాలు అమ్మిన డబ్బులోంచి మరికొంత మళ్లించారు. 1991లో దేశోత్పత్తిలో 2 శాతంగా ఉన్న పరిశోధన ఖర్చు ఆ దశాబ్దం చివరికి 3 శాతం దాటింది. ఇంత లోతైన మాంద్యంలోంచి ఇలా లేచిన దేశం అరుదు.

కథ అక్కడితో ఆగితే మారకం రేటు వదిలేయడమే మందు అనుకునేవాళ్లం. 1999లో ఫిన్లాండ్ యూరోలో చేరింది. 2008 తర్వాత నోకియా ఫోన్లు పడ్డాయి, కాగితం పరిశ్రమ తగ్గింది. ఈసారి తగ్గించుకోవడానికి సొంత నాణెం లేదు. పొదుపు పేరుతో టెకెస్ నిధులకూ కోత పెట్టారు. 2009లో దేశోత్పత్తిలో 3.7 శాతం దాకా ఉన్న పరిశోధన ఖర్చు 2016 నాటికి 2.7కి దిగింది. 2015లో కూడా దేశోత్పత్తి 2008 స్థాయిని అందుకోలేదు. సొంత క్రోనా ఉంచుకున్న పక్కదేశం స్వీడన్ అప్పటికి ఎప్పుడో తేరుకుంది. యూరోనే మొత్తం కారణమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, నోకియా సొంత తప్పులూ ఉన్నాయి. కాని మొదటిసారి చేతిలో రెండు పనిముట్లున్నాయి, మారకం రేటు, పరిశోధన నిధి. రెండోసారి ఒకటి ముందే వదులుకున్నారు, రెండోదాన్ని సరిగ్గా కావలసిన రోజుల్లో కుదించుకున్నారు.

అయితే వడ్డీ తగ్గించి ఉంచితే పరిశోధన పూస్తుందా? స్పెయిన్ అనుభవం కాదంటోంది. యూరో వచ్చాక అక్కడ వడ్డీలు బాగా పడిపోయాయి, ఉత్తర యూరప్ దేశాల డబ్బు వరదలా వచ్చింది. గీతా గోపీనాథ్, ఆమె సహ పరిశోధకులు అక్కడి తయారీ కంపెనీల లెక్కలు తీసి చూశారు. ఆ డబ్బు ఎక్కువ ఉత్పాదకత ఉన్న కంపెనీలకు పోలేదు, ఎక్కువ ఆస్తులున్న కంపెనీలకు పోయింది. ఉత్పాదకత దెబ్బతింది. మాస్టారి ప్రశ్న మళ్లీ ఇక్కడే వస్తుంది, అప్పు ఎవరికి? తనఖా చూసి అప్పిచ్చే బ్యాంకుల చేతికి చౌక డబ్బు ఇస్తే అది భూముల్లోకే పోతుంది. హైదరాబాదు చుట్టుపక్కల ప్లాట్ల ధరలు చూసినవారికి ఇది వివరించనక్కర్లేదు.

రూపాయి విలువ తగ్గితే ఎగుమతిదార్లకి మంచిదని, అది పరిశోధనకీ మంచిదని ఒక వాదన తరచు వింటుంటాం. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటినప్పుడు కూడా విన్నాం. నాకు ఇది అంతగా రుచించదు. రూపాయి పడిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీల లాభం కూర్చున్నచోటే పెరుగుతుంది. కూర్చున్నచోటే పెరిగే లాభం ఎవరినీ కొత్తది వెతకమని తరమదు. 2007లో డాలరు 39 రూపాయలకు దిగినప్పుడు ఆ కంపెనీలు గోల పెట్టాయి. ఖర్చు తగ్గించుకునే దారులు వెతికినది కూడా అలాంటప్పుడే.

అసలు హాని చేసేది రూపాయి ఎక్కడుందన్నది కాదు, ఎంత ఊగుతోందన్నది. అగియోన్, బకెట్టా, రాన్సియేర్, రొగోఫ్ 83 దేశాల 1960–2000 లెక్కలు చూసి, ఆర్థిక వ్యవస్థలో అప్పు సులువుగా దొరకని దేశాల్లో మారకం రేటు ఊగిసలాట ఉత్పాదకత వృద్ధిని తగ్గిస్తుందని 2009లో తేల్చారు. అప్పు సులువుగా దొరికే చోట ఆ దెబ్బ అంతగా తగలదు. పెద్ద మందుల కంపెనీ ఫార్వర్డ్ కాంట్రాక్టులు కొని తనని కాపాడుకుంటుంది. జీడిమెట్లలోని చిన్న యూనిట్‌కి ఆ వెసులుబాటు ఉండదు. ఈ వెలుగులో చూస్తే యాగా వేణుగోపాల్ రెడ్డి రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా ఉండగా చేసిన పని విలువ తెలుస్తుంది. డాలర్లు పోటెత్తిన రోజుల్లో వాటిని నిల్వల్లోకి తీసుకున్నారు, అందువల్ల పెరిగిన రూపాయలను 2004లో తెచ్చిన స్థిరీకరణ బాండ్లతో వెనక్కి లాగారు. 2004 మార్చిలో 11 వేల కోట్ల డాలర్లు దాటిన నిల్వలు 2008 మార్చికి 31 వేల కోట్ల డాలర్లకు చేరాయి. అప్పట్లో ఆయన్ని మరీ జాగ్రత్తపరుడని ఎగతాళి చేసినవారున్నారు. ఆ జాగ్రత్త విలువ 2008 సెప్టెంబరు ఆర్థిక సంక్షోభం తర్వాత అందరికీ తెలిసింది.

మరి రిజర్వ్ బ్యాంకు ఏం చేయాలి? పరిశోధనను పెంచే బాధ్యత కూడా దాని నెత్తిన పెట్టమని నేను అడగను. 2016లో సవరించిన చట్టం ధరల స్థిరత్వాన్ని ప్రధాన లక్ష్యంగా పెడుతూ, వృద్ధిని దృష్టిలో ఉంచుకోమంది. ఆ మాట చాలు. అడిగేదల్లా, వడ్డీ పెంపు వల్ల పోయేది రెండేళ్ల ఉత్పత్తి మాత్రమేనన్న లెక్కతో పరపతి విధాన కమిటీ ఓటు వేయకూడదని. ధరలు అదుపు తప్పితే తర్వాత ఇంకా పెద్ద పెంపు తప్పదు కనుక, ఆలస్యం చేయడం కూడా పరిశోధనకి మేలు కాదు. ముందుగా, చిన్నగా, చెప్పి చేయడం మంచిది.

బరువు మోయవలసింది ప్రభుత్వ నిధి. మన దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు 2020–21లో దేశోత్పత్తిలో 0.64 శాతం. దక్షిణ కొరియా అయిదు శాతం దగ్గర ఉంది. మన ఖర్చులో ప్రైవేటు పరిశ్రమ వాటా మూడో వంతు పైచిలుకు మాత్రమే. 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల పథకాన్ని ఆమోదించింది. ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక అప్పులు ఇవ్వడం దాని ఉద్దేశం. ఎన్నాళ్లకి అన్న ప్రశ్నకి ఇది సరైన జవాబు. ఎవరికి అన్నది ఇంకా చూడాలి. ఇప్పటికే లాభాల్లో ఉన్న పెద్ద సంస్థలే ఈ అప్పు ఎత్తుకుపోతే మనం స్పెయిన్ దారి పట్టినట్టే. పైగా ఇలాంటి నిధి వడ్డీలు పెరిగిన ఏడు ఎక్కువగా, తగ్గిన ఏడు తక్కువగా ఖర్చు కావాలి. బడ్జెట్ కోతలు వచ్చినప్పుడు ముందు దీన్నే కోస్తే అది ఉన్నా లేనట్టే.

చివరగా ఇక్కడున్న పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపం. కంపెనీల చట్టం కింద, పరిశోధన మీద పెట్టిన ఖర్చును కంపెనీలు డైరెక్టర్ల నివేదికలో చెప్పాలి. ఆ నివేదికలు దొరుకుతాయి. పేటెంట్ దరఖాస్తుల వివరాలూ దొరుకుతాయి. 2013 జూలై తర్వాత మూడేళ్లు, మన రెపో పెంపు మొదలైన 2022 మే తర్వాత మూడేళ్లు, తెలుగు రాష్ట్రాల్లోని మందులు, టీకాలు, ఎలక్ట్రానిక్స్ కంపెనీల ఖర్చు ఏమైందో, ఏ కంపెనీ ఆపింది, ఏది కొనసాగించింది, కొనసాగించినదానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో వరుసగా రాసి పెట్టండి. పరపతి విధాన కమిటీ ముందుకి అలాంటి లెక్క వెళ్లాలి. దాన్ని తెలుగులో కూడా రాయండి.